సూసొచ్చినావా, ఇనొచ్చినావా

మా బి.డి.ఓ. గారికి ఈత రాదు. సముద్రమంటే భయం. ఆ సంగతి ఆయనే చెప్పారు, తెలుగులో. ఒకసారి జీపు ఇసకలో దిగబడిపోతే, కెరటం టైరు దాకా వచ్చేస్తుందేమోనని సీటు మీద కాళ్ళు పైకి పెట్టుకుని కూర్చుని, "నాకు నీళ్ళంటే పడదమ్మా, చిన్నప్పుడు కాలవలో మునగబోయాను" అన్నారు. ఆ సాయంత్రమే జిల్లా నుంచి వచ్చిన పెద్ద ఆఫీసరుతో ఇంగ్లీషులో మాట్లాడుతూ, సముద్రం తనను పిలుస్తూ ఉంటుందనీ, వారం రోజులు ఆ పిలుపు వినకపోతే తనకు మనసు మనసులో ఉండదనీ చెప్పారు. నేను పక్కనే నిలబడి వింటున్నాను. సీటు మీద ముడుచుకున్న ఆ కాళ్ళు నా కళ్ళముందే ఉన్నాయి.

ఇది అరవైల చివరి మాట. నేను శ్రీకాకుళం జిల్లాలో ఒక బ్లాకులో గ్రామసేవికని. ఏ బ్లాకో చెప్పను. ఆ మనుషుల పిల్లలూ మనవలూ ఎక్కడో చల్లగా బతుకుతున్నారు, వాళ్ళతో నాకు పేచీ లేదు. విజయనగరంలో పి.యు.సి. దాకా చదివాను గనక ఇంగ్లీషు బాగానే అర్థమయ్యేది. మాట్లాడటం మాత్రం ఆచితూచి. మా ఆఫీసులో నోరు తెరిస్తే ఇంగ్లీషు దొర్లించేవాళ్ళు నలుగురైదుగురు ఉండేవారు, వాళ్ళందరికీ ఇదే జబ్బు.

వ్యవసాయం చూసే విస్తరణాధికారి ఉండేవారు. ఇడ్లీలు లాగించి, పైన ఒక అట్టు కూడా వేయించుకుని వచ్చిన మనిషి, పదకొండు కొట్టేసరికి "ఐ యామ్ స్టార్వింగ్" అనేవారు. అంటే ఆకలితో చచ్చిపోతున్నానని. ఆ ఏడాది వానల్లేక జనం నిజంగానే గంజి నీళ్ళతో గడుపుతున్నారు, వాళ్ళెవరూ ఆ మాట అనలేదు. ఓవర్సీయరుగారికి ధనుర్మాసం వస్తే మఫ్లరు చుట్టుకుని, ఎముకల్లో మంచు గడ్డకట్టిందని చెప్పడం అలవాటు. ఆయన జన్మలో చూసిన మంచల్లా సోడా కొట్టులో రంపపు పొట్టు కప్పి ఉంచిన ఐసుగడ్డే. అయినా శిశిరంలో ఇంగ్లాండు ఎలా ఉంటుందో ఆయన చెబుతుంటే గుమాస్తాలు కూడా చేతులు రుద్దుకునేవారు.

తెలుగులో వీళ్ళు అబద్ధాలకోరులు కారు. ఆ విషయం ఒప్పుకోవాలి. తెలుగులో అడిగితే ఊరు ఊరు, కడుపు కడుపు, భయం భయం. ఇంగ్లీషులోకి దిగేసరికి మాత్రం పడని పాట్లు, తిరగని దేశాలు, రాని రోగాలు అన్నీ సొంతమైపోయేవి. ఒకరు చెబితే రెండోవారు నిలదీసేవారు కాదు. నిలదీస్తే రేపు తన వంతు వస్తుంది మరి.

నాకు ఒళ్ళు మండేది. కానీ నోరు విప్పే స్థితి కాదు నాది. ఉద్యోగం టెంపరరీ. బొబ్బిలి దగ్గర మా ఊళ్ళో నాన్న పక్షవాతంతో మంచాన పడి ఉన్నాడు, అమ్మ ఆయన్ని వదిలి కూలికి కూడా వెళ్ళలేదు. నా జీతం వెళ్తేనే ఆ ఇంట్లో పొయ్యి వెలుగుతుంది. బి.డి.ఓ. గారు ఒక మాట రాస్తే పర్మనెంటు, రాయకపోతే ఇంటికి. ఆ మాట రాయించుకోవడానికే నేను ఆయన సముద్ర ఘోషలన్నీ తలూపుతూ విన్నాను.

నా కింద ఉన్న ఊళ్ళలో ఒకటి చేపలవాళ్ళ పేట. కోటబొమ్మాళి నుంచి తూర్పుకు వెళ్ళి, జీడితోటలు దాటితే ఇసకలో వస్తుంది. అక్కడి వాళ్ళకు ఒక పద్ధతి ఉంది. ఒడ్డున ఎవరైనా పరిగెత్తుకొచ్చి ఫలానా చోట కవళ్ళ చేపల మంద దిగిందని చెప్పాడనుకోండి, వినేవాళ్ళు మొట్టమొదట అడిగేది ఒకటే: "సూసొచ్చినావా, ఇనొచ్చినావా?" చూసొచ్చానంటే వల ఎత్తుతారు. వినొచ్చానంటే ఒక మనిషిని తెప్ప మీద పంపిస్తారు, వాడు చూసొచ్చాక మిగతా సంగతి. ఆ ప్రశ్న అడిగితే ఎవరికీ కోపం రాదు. వినొచ్చినవాడు తక్కువవాడేం కాదు, వినొచ్చానని చెబితే చాలు. చేపల దగ్గర మొదలైన ఈ అలవాటు వాళ్ళు పెళ్ళి సంబంధాల దగ్గరా, రైలు టైముల దగ్గరా, దెయ్యాల దగ్గరా కూడా వదిలేవారు కాదు.

ఆ పేట ఆడవాళ్ళకు పెద్ద దిక్కు ఒకామె. అక్కని ఆ వైపు అప్ప అంటారు, ఊరంతటికీ ఆమె అప్పే. ఆరుగురు పిల్లల తల్లి. బుట్ట నెత్తినెత్తుకుని రైలెక్కి ఊళ్ళ మీద చేపలమ్మేది. నన్ను "సేవికమ్మా" అని పిలిచేది, నేను చెప్పే కూరగాయల పెరళ్ళ గురించి విని, "ఇసకలో వంకాయలు కాయించినోళ్ళని నువ్వు సూసినావేటి?" అని నవ్వేది. చూడలేదని ఒప్పుకున్నాను. అప్పట్నించి నన్ను ఇంటి గుమ్మంలో కూర్చోనిచ్చింది.

అప్పుడే లూపు వచ్చింది, కడుపు రాకుండా లోపల అమర్చే ప్లాస్టిక్ మెలిక. పిల్లలు చాలనుకున్న ఆడవాళ్ళు లూపు వేయించుకోవాలని పైనుంచి ఆర్డర్లు. బ్లాకుకింతమంది అని లెక్క. పేటలో మాత్రం అది లోపల పాకి గుండెల దాకా వస్తుందని పుకారు. నేను వెళ్ళి చెప్పబోతే అప్ప అడ్డంగా చెయ్యి ఊపింది.

"నువ్వు పెళ్ళికానిదానివి, నిన్నడిగి లాబం నేదు. ఎట్టించుకున్న మనిసినొకర్తిని తీసుకురా. ఇంటాం" అంది.

ఎక్కణ్ణించి తేను? ఆఫీసుకొచ్చి బి.డి.ఓ. గారితో చెప్పాను. ఆయన బల్ల చరిచి, మద్రాసులో చదువుకున్న లేడీ డాక్టరు వస్తోందనీ, ఆవిడ ఉపన్యాసం వింటే రాళ్ళయినా కదులుతాయనీ అన్నారు. ఆవిడ ఇంగ్లీషులో మాట్లాడుతుంది, నేను తెలుగులో చెప్పాలి. పేటలో పెట్టే ఆ లూపు క్యాంపు బాగా జరిగితే నా పర్మనెంటు కాయితం మీద సంతకం పెట్టడానికి ఆయన పెన్ను తెరిచే ఉంచుతారట.

డాక్టరమ్మ మెయిలు బండిలో వచ్చి ఆమదాలవలసలో దిగింది. నేనూ జీపులో వెళ్ళాను. నాకు మొదటి ఆశ్చర్యం అక్కడే. పెట్టె కింద పడేసిన కూలివాడిని ఆవిడ అచ్చ తెలుగులో, తాతముత్తాతలతో సహా తిట్టింది. మరి ఉపన్యాసం తెలుగులో ఎందుకివ్వదు? తర్వాత అర్థమైంది. ముట్టు, కానుపు, మొగుడు, పడక ఇలాంటి మాటలు చదువుకున్నవాళ్ళ నోట తెలుగులో రావు, సిగ్గు. ఇంగ్లీషులో అయితే జంకూగొంకూ లేకుండా వచ్చేస్తాయి. సిగ్గుపడే పని పెళ్ళికాని నాకు అప్పజెప్పారన్నమాట.

పేటలో తాటాకుల బడి ముందు కుర్చీలు వేశారు. లూపు వెయ్యడానికి పక్కన ఆస్పత్రి వ్యానుకు తెల్ల తెర కట్టారు. కుర్చీల్లో డాక్టరమ్మ, బి.డి.ఓ. గారు, ఆయన భార్య. ఆ మహాతల్లి నలుగురు పిల్లల తల్లి, అయిదోది కడుపులో ఉన్నట్టు ఎవరికైనా తెలుస్తోంది. స్త్రీల తరఫున ఒకరు ఉండాలని తీసుకొచ్చి కూర్చోబెట్టారు. కింద ఇసకలో పేట ఆడవాళ్ళంతా. ముందు వరసలో అప్ప.

డాక్టరమ్మ లేచి "మై డియర్ సిస్టర్స్, ఐ నో యువర్ పెయిన్" అని మొదలుపెట్టింది. మీ నొప్పి నాకు తెలుసు. నేను చెప్పాను. కాన్పు వెనక కాన్పుతో ఆడవాళ్ళం ఎలా నలిగిపోతున్నామో తనకు తెలుసునంది. ఆవిడకు పెళ్ళి కాలేదు. ఆవిడన్న ఆ మాటా తెలుగులో చెప్పాను. పొద్దున్నే లేచి చేపలబుట్ట నెత్తినెత్తుకున్నప్పుడు మెడనరాలు ఎలా లాగుతాయో తెలుసునంది. ఆవిడ హ్యాండు బ్యాగు నేనే మోసుకొచ్చాను, అయినా చెప్పాను. లూపు వేసేటప్పుడు ఏమీ తెలియదు, చీమ కుట్టినట్టు ఉంటుంది, అంతేనంది.

ఇక్కడ బి.డి.ఓ. గారికి ఉత్సాహం వచ్చింది. కూర్చున్నచోటి నుంచే, "నాట్ ఈవెన్ దట్! అయిదు నిమిషాల్లో మర్చిపోతారు, ఐ గ్యారంటీ" అన్నారు. తప్పదు గనక అదీ తెలుగులో చెప్పాను.

వెనక వరస నుంచి ఒక గొంతు లేచింది. "బాబుగోరికి ఎక్కడెట్టినారో!"

ఇసకంతా నవ్వు. ముసలమ్మలు కొంగులు నోట్లో కుక్కుకున్నారు. బి.డి.ఓ. గారు కూడా నవ్వారు, తన చతురోక్తి బాగా అందిందని. నవ్వుల హోరులో అసలు మాట వినబడలేదేమో, "వాట్ డిడ్ షి సే?" అని నన్నడిగారు. తమరంటే చాలా గౌరవమంటున్నారని చెప్పాను.

నవ్వు అణిగాక అప్ప లేచి నిలబడింది. కుర్చీలవైపు చూడలేదు, నావైపు చూసింది. అంతసేపూ తెలుగులో మాట్లాడినదాన్ని నేనే కదా.

"సేవికమ్మా, సీమ కుట్టినట్టుంతాదని సెప్పినావు. ఇది సూసొచ్చినావా, ఇనొచ్చినావా?"

నేను ఏమిటో చెప్పబోయేలోగా బి.డి.ఓ. గారు ప్రశ్న గ్రహించారు. ఆయనకు తెలుగు రాకేం! ముందుకు వంగి, మెల్లగా ఇంగ్లీషులో అన్నారు, చూశానని చెప్పెయ్యి, పర్సనల్ ఎక్స్‌పీరియన్స్ అని చెప్పు, దే విల్ బిలీవ్ యు. నా కాయితం సంగతి గుర్తు చేస్తున్నట్టు జేబులో పెన్ను తట్టారు కూడా.

ఆయన దృష్టిలో అది చాలా చిన్న మాట. రోజూ అనేదే. చూడని మంచు చూశాననడం ఎంతో, నేను ఇది అనడం అంత. కానీ నేను ఆ మాట తెలుగులో అనాలి, ఆ ఆడవాళ్ళ ముందు, నా నోటితో. పెళ్ళికాని పిల్ల లూపు వేయించుకుందని అంటే ఆ సాయంత్రానికే ఆ కబురు చేపల బుట్టలతో పాటు రైలెక్కుతుంది. ఆమదాలవలసలో దిగుతుంది, విజయనగరంలో దిగుతుంది, రేపో మాపో బొబ్బిలి సంతలో మా అమ్మకు ఎదురవుతుంది. కాదంటానా, కాయితం చిరుగుతుంది, నాన్న మందులకు కూడా దిక్కుండదు. ఆ రెండింటి మధ్యా నన్ను నిలబెట్టి ఆయన చిరునవ్వు నవ్వుతున్నారు. నాకు భయం వేసింది. అంతకంటే ఎక్కువ కోపం వచ్చింది. అంత కోపం నాకు అంతకుముందెప్పుడూ రాలేదు.

"ఇనొచ్చినాను అప్పా" అన్నాను. నాకు తెలియకుండానే వాళ్ళ యాసలో వచ్చింది. "ఈల్ల కాడే ఇన్నాను."

అక్కడితో ఊరుకోలేదు. కుర్చీలవైపు తిరిగి, నాకున్న ఇంగ్లీషంతా కూడగట్టుకుని, వీళ్ళు అడుగుతున్నది మీలో ఎవరికైనా అనుభవం ఉందా అని, అన్నాను.

డాక్టరమ్మ ముఖం కందగడ్డ చేసుకుంది. తను వందలమందికి వేశానని ఇంగ్లీషులో చెప్పింది. నేను తెలుగులో చెప్పాను.

"ఎట్టినోళ్ళకేటి నొప్పి?" అంది అప్ప నెమ్మదిగా. "గేలం ఏసినోడికి నొప్పుంతాదేటి, సేపకుంతాది గానీ."

బి.డి.ఓ. గారు పరిస్థితి చెయ్యి జారుతోందని గ్రహించి, పక్కనున్న భార్యను మోచేత్తో పొడిచి, "నువ్వు చెప్పు, టెల్ దెమ్" అన్నారు. ఆవిడ గోదావరి వైపు మనిషి. ఆ మధ్యాహ్నమంతా నోరు విప్పలేదు. ఎవరూ విప్పమనలేదు కూడా. లేచి, పవిట సర్దుకుని, అమాయకంగా నిజం చెప్పేసింది.

"నేను వేయించుకుంటానన్నానమ్మా. ఈయనే వద్దన్నారు. నా ఒంటికి పడదేమోనని భయం ఆయనకి."

ఈసారి నవ్వు రాలేదు. అప్ప ఆవిడ పొట్టవైపు ఒకసారి చూసి, జాలిగానే అడిగింది.

"మీ ఒంటికి పడనిది మా ఒంటికి పడతాదేటమ్మా?"

క్యాంపు అయిపోయిందనుకున్నాను. నా ఉద్యోగం కూడా. డాక్టరమ్మ కళ్ళజోడు తీసి తుడుచుకుంటోంది. ఆడవాళ్ళు ఇసక దులుపుకుని లేస్తున్నారు. అప్ప మాత్రం తిన్నగా వ్యాను దగ్గరకు నడిచింది. వెనక నుంచి తోడికోడలు "ఓలమ్మో, ఏటే అప్పా, నీకేటి మతిపోనాదా?" అని కేకేసింది.

"ఒకర్తయినా ఎల్లి సూసి రావాల గదే" అంది అప్ప, తెర ఎత్తుకుని లోపలికి వెళ్తూ.

నేను లోపలికి వెళ్ళి ఆమె తల దగ్గర నిలబడ్డాను. నా చెయ్యి పట్టుకుంది. చీమ కుట్టినప్పుడు ఎవరూ చెయ్యి అలా పట్టుకోరు.

నెల దాటాక పేట ఆడవాళ్ళంతా అప్ప వాకిట్లో చేరారు. నేనూ ఉన్నాను. ఆమె చేపలు శుభ్రం చేస్తూ, మందను చూసొచ్చినవాడు లెక్క చెప్పినట్టే చెప్పింది. "నొప్పుంది. ఆ రోజు నడుం లాగేసినాది. ముట్టు ఎక్కువవుతాది, రెండు తూర్లు బయపడ్డాను, ఆస్పత్రికెల్లి సూపించుకున్నాను. గుండెల దాకా పాకడం అంతా ఒట్టిది. నొప్పి కానుపంత కాదు. ఏడోది వద్దనుకున్నోళ్ళు ఎల్లండి. సీమ కుట్టినట్టుంతాదని మాత్రం అనుకోకండి, అలగనుకునెల్తే తెర కాడే జడుసుకుంతారు." అంతే ఉపన్యాసం. ఆ తర్వాత ఒకరి వెనక ఒకరు వాళ్ళే ఆస్పత్రికి నడిచి వెళ్ళారు. జీపు వెళ్ళలేదు, కుర్చీలు వెయ్యలేదు.

లెక్క నిండింది. జిల్లా మీటింగులో బి.డి.ఓ. గారు ఇంగ్లీషులో ప్రసంగించారు. చివరి బెంచీలో నేనున్నాను. తను గుడిసె గుడిసెకూ తిరిగానన్నారు. ఆ తల్లుల పక్కన నేల మీద కూర్చుని, వాళ్ళు పెట్టిన చేపల కూర తిని, వాళ్ళ కన్నీళ్ళు తుడిచానన్నారు. ఆయన శుద్ధ శాకాహారి. చేపల పేటకు వెళ్ళినప్పుడల్లా ముక్కుకు కర్పూరం అద్దిన రుమాలు కట్టుకునేవారు. చేపల కూర గురించి మాత్రం ఎంత చక్కగా చెప్పారంటే, నా పక్కనున్న గుమాస్తా గుటక వేశాడు. చప్పట్లు చాలాసేపు మోగాయి.

మర్నాడు నన్ను పిలిచారు. పెన్ను జేబులోనే ఉంది, మూత పెట్టే ఉంది. నేను మంచి పిల్లనే, కష్టపడతాను, కానీ పదిమందిలో పని చెయ్యడానికి కావలసిన ఎక్స్‌పీరియన్స్ నాకు లేదన్నారు. పర్మనెంటుకు రాయలేకపోతున్నారట. నేను కళ్ళు తుడుచుకోకుండా నిలబడి ఉంటే, ఆయన గొంతు మెత్తగా చేసుకుని, "ఐ నో హౌ యు ఫీల్. ఐ హావ్ బీన్ త్రూ ఇట్ ఆల్" అన్నారు. నీకెలా ఉందో నాకు తెలుసు, ఇవన్నీ పడ్డవాణ్ణే అని. ఆయన ఉద్యోగం చేరిన నాటి నుంచీ పర్మనెంటే. ఆయన మామగారు పెద్ద ఉద్యోగి అని ఆఫీసంతటికీ తెలుసు.

"చూసొచ్చారా, వినొచ్చారా?" అన్నాను.

"వాట్?" అన్నారు. ఇంగ్లీషులో చెప్పమన్నారు. ఆ ఏడాదంతా ఆయన మాటలు తెలుగులోకి, జనం మాటలు ఇంగ్లీషులోకి మార్చిన నాకు ఆ ఒక్కటి మార్చి పెట్టబుద్ధి కాలేదు. నమస్కారం పెట్టి వచ్చేశాను.

ట్రంకుపెట్టె తీసుకుని కోటబొమ్మాళి స్టేషన్లో కూర్చున్నాను. విజయనగరం వెళ్ళే పాసింజరు లేటు. ఇంటికి వెళ్ళి అమ్మకు ఏం చెప్పాలో తెలియడం లేదు. అప్పటికే ఇద్దరు పెద్దమనుషులు నన్ను గుర్తుపట్టి పలకరించి పోయారు. ఒకరు "వెరీ సాడ్, ఐ కెన్ ఇమాజిన్" అన్నారు. రెండో ఆయన గుండె పగిలిపోతోందని చెప్పి, వేరుశనక్కాయలు కొనుక్కుని వెళ్ళారు.

అవతలి చివర నుంచి అప్ప వస్తోంది, నెత్తిన బుట్టతో. పలాస వైపు వెళ్ళే బండి కోసం. నన్ను చూసి, పెట్టెను చూసి, బుట్ట దించి పక్కన కూర్చుంది.

"పోయిందంట గదా ఉద్దోగం?"

"పోయింది అప్పా."

"ఇనొచ్చినానని సెప్పినందుకేనా?"

అవునన్నాను. ఏడుపు ఆపుకోలేకపోయాను. ఆమె నా వీపు మీద చెయ్యి వేసింది. చేపల వాసన ఉన్న చెయ్యి. రెండో చేత్తో బుట్ట మీద గుడ్డ సర్దింది. తర్వాత మొహమాటపడుతూ అంది.

"నానేనాడూ ఉద్దోగం సేయనేదమ్మా. అది పోతే ఎలగుంతాదో నాకు తెల్దు."

ఇంతలో ఆమె బండి వచ్చింది. బుట్టలో చేపలు పచ్చివి, ఎండ ముదిరిపోతోంది. వెళ్ళమన్నాను. బండి కాసేపు ఆగి వెళ్ళిపోయింది. అప్ప లేవలేదు.